పన్నెండు కిలోల బొచ్చె

మా ఇంటి ఓనర్లు యాదమ్మ గారు, సత్తయ్య గారు. కింద వాళ్లు, పైన మేము. సత్తయ్య గారు ఆర్టీసీలో డ్రైవర్‌గా రిటైరయ్యారు. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే గాలం తీసుకుని నల్లగొండ పక్కన పానగల్లు చెరువు (దాని పేరే ఉదయ సముద్రం) కట్ట మీదికి పోతారు, మధ్యాహ్నానికి ఖాళీ చేతులతో వస్తారు. జూన్ మొదటి వారంలో ఒకరోజు మాత్రం అలా రాలేదు. ఆ రోజు కింద జరిగిన మాటలు నేను బట్టలు ఆరేసే నెపంతో విన్నాను. ముందే చెబుతున్నా, నేను యాదమ్మ గారి పార్టీ.

(గేటు దగ్గర స్కూటీ. దాని మీద నీలం టబ్బు. టబ్బులో ఐసు, ఐసులోంచి బయటికి ఒక తోక.)

యాదమ్మ: ఏదయ్యా బొచ్చె?

సత్తయ్య: ఇదిగో. కండ్ల నిండా చూసుకో.

యాదమ్మ: ఇది చేప.

సత్తయ్య: బొచ్చె.

యాదమ్మ: చేప అంటున్న నేను.

సత్తయ్య: చేపనే. బొచ్చె చేప. ఉదయ సముద్రంలో దొరికింది.

యాదమ్మ: మరి బొచ్చె ఏది?

సత్తయ్య: ఏ బొచ్చె?

యాదమ్మ: పొద్దున ఫోన్ చేసి నువ్వే కదా చెప్పినవు? "యాదీ, బొచ్చె దొరికింది, పన్నెండు కిలోలు ఉంటది, ఎవరికీ చెప్పకు" అని.

సత్తయ్య: చెప్పినవా ఎవరికన్నా?

యాదమ్మ: అందరికీ చెప్పిన. మా అమ్మ పెట్టిన ఇత్తడి బొచ్చె, మన స్వప్న పెళ్లిలో మాయమైన బొచ్చె, పన్నెండేండ్లకు దొరికిందంటే చెప్పకుండ ఉంటరా?

సత్తయ్య: ఇత్తడి బొచ్చె చెరువులో ఎట్ల దొరుకుతదే?

యాదమ్మ: ఎవరో పారేసిన్రు అనుకున్న.

సత్తయ్య: ఎవరో అంటే?

యాదమ్మ: ఎవరో అంటే మీ అక్క.

సత్తయ్య: మా అక్క ఉండేది జడ్చర్లలో. అక్కడి నుంచి బస్సెక్కి వచ్చి పానగల్లు చెరువులో నీ గిన్నె పారేసి పోయిందా?

యాదమ్మ: గిన్నె కాదు, బొచ్చె. ఆడబిడ్డకు బస్సు పాసు ఇప్పించింది ఎవరు? నువ్వే.

సత్తయ్య: పన్నెండు కిలోల గిన్నె ఎక్కడన్న ఉంటదా?

యాదమ్మ: మా అమ్మ పెట్టింది కాబట్టి ఉంటది. మీ ఇంటి నుంచి వచ్చిన చెంబులైతే ఫ్యాన్ వేస్తే ఎగురుతయి.

సత్తయ్య: సరే, నేను ఏడేండ్ల నుంచి చేపలకు పోతున్న మనిషిని. బొచ్చె దొరికింది అన్నా. నీకు చేప అని తట్టలేదా?

యాదమ్మ: ఎట్ల తడతది? ఏడేండ్లలో నువ్వు తెచ్చినయి నాలుగు జెల్లలు, ఒక పారగాన్ చెప్పు. ఛాయా సోమేశ్వరుడి గుళ్లో లింగం మీద నీడ కదలదు, గుడి పక్క చెరువులో నీ బెండు కదలదు. ఊరంతా ఎరిగిన ముచ్చట. నీ గాలానికి చేప పడుతదంటే నమ్మొచ్చా? చెరువులో ఇత్తడి సామాను దొరికిందంటే నమ్మొచ్చు.

(ఇక్కడ సత్తయ్య గారు కాసేపు టబ్బు వైపు చూశారు. పాపం అనిపించింది. ఎక్కువసేపు అనిపించలేదు.)

సత్తయ్య: కత్తిపీట లోపల పెట్టు. దీన్ని కొయ్యొద్దు. దీనికి గుర్తింపు తెస్తున్న.

యాదమ్మ: గుర్తింపా? ఆధార్ తీపిస్తవా? తీపియ్యి, మొప్పలు పెట్టి వేలిముద్ర వేస్తది.

సత్తయ్య: నవ్వు. అమెరికాలో ఇంటర్నేషనల్ గేమ్ ఫిష్ అసోసియేషన్ అని ఉంది. ఫ్లోరిడాలో. 1939లో పెట్టిన్రు.

యాదమ్మ: నువ్వు పుట్టక ముందు నుంచి నీ కోసం ఎదురుచూస్తున్నరన్న మాట. పాపం.

సత్తయ్య: వాళ్ల దగ్గర ఐదింతల క్లబ్బు ఉంది. తంగూసు, అదే గాలం దారం, ఎంత బరువుకు తెగుతదో, దానికి ఐదింతలున్న చేపను పట్టినోళ్లకు కాగితం ఇస్తరు. నాది రెండు కిలోల తంగూసు. చేప పది కిలోలుంటే చాలు. ఇది పన్నెండు.

యాదమ్మ: పన్నెండు అని ఎవరు చెప్పిన్రు?

సత్తయ్య: కట్ట మీద చేపలమ్మే ఆయన కాంటా.

యాదమ్మ: చేపలమ్మే కాంటా మీద తూస్తే నేను కూడా నీళ్లల్ల నుంచి తీసిన బొచ్చెనే. ఆ పన్నెండుల రెండు కిలోలు ఆయన బొటనవేలు.

సత్తయ్య: అందుకే ముద్ర ఉన్న కాంటా కావాలె. ఏడాది లోపల పరీక్ష చేసి ముద్ర వేసి ఉండాలె. మన దగ్గర తూనికలు కొలతల శాఖోళ్లు వేస్తరు కదా, అది. పడవలో తూచితే చెల్లదు, నేల మీదనే తూచాలె. గాలం పడ్డ కాడి నుంచి ఒడ్డుకు వచ్చేదాకా ఇంకెవరి చెయ్యి కడ్డీకి తగలొద్దు.

యాదమ్మ: తగలలేదా?

సత్తయ్య: ఒక పిల్లగాడు కింద వల పట్టిండు. వల పట్టొచ్చు, నిబంధనల్లోనే ఉంది.

యాదమ్మ: అయితే చేపను పట్టింది ఆ పిల్లగాడు. నువ్వు తంగూసు పట్టినవు.

సత్తయ్య: నలభై నిమిషాలు లాగిన! రెండు కిలోల తంగూసుతో లాగుడు అంటే ఏమనుకున్నవు? అది పోతుంటే ఇడవాలె, అలసిపోతే చుట్టాలె, మళ్ల పోతే మళ్ల ఇడవాలె. గట్టిగ లాగినవా, పుటుక్కున తెగుతది.

యాదమ్మ: నలభై ఏండ్ల నుంచి నేను చేస్తున్నది అదే. నాకు ఏ క్లబ్బోళ్లు కాగితం ఇచ్చిన్రు?

(నేను పైన ఒక చీరను మూడోసారి పిండాను.)

సత్తయ్య: ఇంకా ఉంది. గాలానికి దగ్గరున్న తంగూసు యాభై అడుగులు కోసి పంపాలె. వాళ్లు అక్కడ తెగేదాకా లాగి చూస్తరు.

యాదమ్మ: నువ్వు తెగకుండ తెచ్చిన దాన్ని వాళ్లు తెంపి చూస్తరా? అమెరికోళ్లకు కూడా పని లేదు. పంపేదానికి ఎంత అయితది?

సత్తయ్య: ఫోటోలు కూడా కావాలె. నేను, చేప, గాలం, కాంటా. ఒక సాక్షి కావాలె.

యాదమ్మ: సాక్షి పైననే ఉంది. పొద్దటి నుంచి ఒకటే చీర ఆరేస్తున్నది. ఏమమ్మా, వినపడుతుందా, గట్టిగ మాట్లాడుమంటవా?

(నేను బకెట్ వెనక్కి జరిగాను. అదే సమయానికి గేటు దగ్గర పాత సామాన్ల బండి వచ్చి ఆగింది.)

సత్తయ్య: ఈయన ఎందుకు వచ్చిండు?

యాదమ్మ: నేనే రమ్మన్న. పన్నెండేండ్లు నీళ్లల్ల ఉన్న బొచ్చె, చిల్లి పడి ఉంటే ఇత్తడి కిలో లెక్కన ఎంత పలుకుతదో అడుగుదామని.

సత్తయ్య: మీ అమ్మ గుర్తు అన్నవు, అమ్ముతవా?

యాదమ్మ: అమ్మను! ధర అడుగుతె తప్పా? తమ్మీ, వచ్చినోనివి వచ్చినవు, ఈ చేపను తూకం వెయ్యి.

(ఆయన వేశాడు. ఎనిమిది కిలోల రెండు వందలు.)

సత్తయ్య: ఎనిమిదా!

యాదమ్మ: అమ్మేటోని కాంటాల పన్నెండు, కొనేటోని కాంటాల ఎనిమిది. నడిమిట్ల చేప ఎక్కడుందో ఆ సోమేశ్వరునికే తెలుసు.

సత్తయ్య: రేషన్ షాపు కాంటాకు ముద్ర ఉంటది. పదిహేనో తారీఖు దాకా తెరిచే ఉంటరు. పోతున్న.

యాదమ్మ: ఆగు. ఈ బనీను మీదనే అమెరికాకు ఫోటో దిగుతవా?

(ఆమె లోపలికి వెళ్లి ఒక శాలువా తెచ్చింది. ముప్పై ఒక్క ఏళ్లు ఒక్క యాక్సిడెంట్ కూడా లేకుండా బస్సు నడిపినందుకు డిపోలో కప్పిన శాలువా అట. నాఫ్తలీన్ వాసన పైదాకా వచ్చింది.)

సత్తయ్య: ఇది ఇంకా ఉందా? గిన్నెల ఆమెకు ఇచ్చినవనుకున్న.

యాదమ్మ: నీ పాత ప్యాంట్లు ఇచ్చిన. దీనికి ఒక స్టీలు డబ్బా ఇస్తనన్నది, ఇయ్యలేదు.

సత్తయ్య: డబ్బా చిన్నదనా?

యాదమ్మ: తల ఇటు తిప్పు. మెడ కాడ ముడత పడింది.

(శాలువాతో, టబ్బుతో ఆయన వెళ్లారు. ముప్పావుగంట తర్వాత వచ్చారు. స్కూటీ స్టాండ్ వేసిన చప్పుడు వినగానే నాకు అర్థమైంది.)

యాదమ్మ: ఎంత?

సత్తయ్య: తొమ్మిది కిలోల ఎనిమిది వందల అరవై.

యాదమ్మ: నూట నలభై గ్రాములా తక్కువ?

సత్తయ్య: ఊ.

యాదమ్మ: పొద్దటి నుంచి ఎండల ఊరంతా తిప్పితే తగ్గదా మరి? మనుషులే తగ్గుతరు! పట్టినప్పుడు పది దాటే ఉంటది. పద, నేను వస్త, ఆ డీలర్‌తో నేను మాట్లాడుత. ప్రతి నెలా మనకు బియ్యం తూచేటప్పుడు చూస్తలేనా నేను?

సత్తయ్య: వద్దులే.

యాదమ్మ: పోనీ పది అని రాయి. ఫ్లోరిడా నుంచి వచ్చి చూస్తరా?

సత్తయ్య: కాంటా ఫోటో పంపాలె కదనే. అయినా లేనిది ఎట్ల రాస్త?

యాదమ్మ: నీతోని ఇదే బాధ. చెరువుల పడ్డ చేప పిల్ల సర్కారోళ్లు ఉచితంగ వదిలింది, అది మేసింది చెరువుల నాచు, నువ్వు ఒక్క నూట నలభై గ్రాములు వేసుకోలేవు.

సత్తయ్య: బొచ్చె నాచు ఎక్కువ తినదు. మీద తేలే సన్న పురుగులు తింటది. అందుకే దాని నోరు పైకి ఉంటది.

యాదమ్మ: నోరు పైకున్నా నీకు చిక్కింది కదా. చాయ్ తాగు.

(ఈలోపు ఫోన్ మోగింది. యాదమ్మ గారికి ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే అలవాటు లేదు, స్పీకరే. అవతల జడ్చర్ల వదినె.)

వదినె: యాదమ్మా, నీ బొచ్చె దొరికిందట కదా? నాకు మనసు నిమ్మళమైంది. పన్నెండేండ్లు నన్ను అన్నవు.

యాదమ్మ: అది వదినె, అసలేమైందంటే...

వదినె: ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. దాని మీద మీ అమ్మ పేరే ఉందా? సరిగ్గ చూసినవా?

యాదమ్మ: ఎందుకు వదినె?

వదినె: ఏం లేదు. మా అటక మీద కూడా ఒకటి ఉంది, అదే పేరుతోని.

(కింద నిశ్శబ్దం. సత్తయ్య గారు చాయ్ గ్లాసు కింద పెట్టిన చప్పుడు మాత్రం వచ్చింది.)

యాదమ్మ: వదినె, దాని మీద ఎల్లమ్మ అని ఉంటది. చెక్కినాయన లావత్తు మరిచిపోయిండు. ఎలమ్మ అని ఉందా?

వదినె: ఆ... ఎలమ్మనే. పెళ్లి సామాన్లల్ల కలిసి వచ్చినట్టుంది. నీకు దొరికింది కదా అని చెప్తున్న, లేకుంటే...

యాదమ్మ: లేకుంటే చెప్పకపోతుంటివి. రేపు మృగశిర కదా, చేప తిందువు, బొచ్చె పట్టుకొని రా వదినె. బస్సుల కిటికీ పక్కన కూర్చో, బరువుంటది.

(ఫోన్ పెట్టేశారు.)

యాదమ్మ: విన్నవా? విన్నవా? పన్నెండేండ్లు నన్ను అనుమానపు మనిషివి అన్నవు!

సత్తయ్య: పొరపాటున పోయి ఉంటది లే.

యాదమ్మ: పొరపాటున అటక ఎక్కిందా? దానికి కాళ్లున్నయా?

సత్తయ్య: నేను ఫోన్ చెయ్యకపోతే దొరికేదా నీ బొచ్చె? ఆ లెక్కన రెండింటినీ పట్టింది నేనే.

యాదమ్మ: నువ్వు పట్టిన దానికి నూట నలభై గ్రాములు తక్కువ.

సత్తయ్య: నీది పన్నెండు కిలోలు అన్నవు కదా. రానియ్యి, దాన్ని కూడా రేషన్ షాపు కాంటా మీద పెడదాం. ముద్ర ఉన్న కాంటా.

యాదమ్మ: దానికి కాంటా ఎందుకు? మా అమ్మ పేరుంది. నీ చేప మీద ఎవరి పేరుందయ్యా?

(సత్తయ్య గారి దగ్గర జవాబు లేదు. కత్తిపీట బయటికి వచ్చిన చప్పుడు.)

యాదమ్మ: ఫోటో దిగినవా, లేదా?

సత్తయ్య: ఎవరు తీస్తరు?

యాదమ్మ: ఇటు తే ఫోన్. శాలువా తియ్యకు. చేపను ఎత్తు. ఇంకా ఎత్తు. ఆ నవ్వేంది, జీతం కోసినట్టు? నవ్వు మంచిగ. అమెరికాకు కాదులే, స్వప్నకు పంపుత.

సత్తయ్య: చేతులు గుంజుతున్నయి.

యాదమ్మ: పది కిలోలు కదా, గుంజవా? సరే, దించు. తలకాయ ముక్క నీకే తీసి పెడుత, అలగకు. (పైకి చూసి) ఏమమ్మా సాక్షీ! రేపు పొద్దున గిన్నె పట్టుకొని దిగు.

గిన్నె అన్నారు, గమనించారా. బొచ్చె అనలేదు.