కిరాయి బాకీ ఉంటే రాత్రికి రాత్రే సామాను ఎందుకు సర్దుకోవాలి?

కిరాయి రెండు నెలలు ఆగిందంటే మన హైదరాబాద్‌లో జరిగే తంతు అందరికీ తెలిసిందే. మొదట ఓనర్ ఫోన్. తర్వాత ఓనర్ గారి అబ్బాయి ఫోన్. ఆపైన మెట్ల దగ్గర నలుగురూ వినేలా "ఏమ్మా, ఎప్పుడిస్తున్నారు?" అని గట్టిగా అడగడం. అప్పటికీ డబ్బు రాకపోతే మన వంతు వచ్చేసరికి సంపు మోటార్ పాడవుతుంది, లేదంటే మన పోర్షన్ ఫ్యూజు ఎగిరిపోతుంది. ఇక కిరాయిదారు ఏం చేస్తాడు? పరువు పోయిందని అర్ధరాత్రి ట్రాలీ ఆటో మాట్లాడుకుని, అడ్వాన్సు వదిలేసుకుని, పిల్లల స్కూలు మధ్యలో మాన్పించి చుట్టాలింటికి పోతాడు. ఓనర్ల మీద కోపం ఎలాగూ ఉంది. కానీ నా అసలు బాధ ఈ అర్ధరాత్రి ట్రాలీ ఆటో గురించే.

బాకీ ఉండటం వేరు, ఇంట్లోంచి గెంటేయడం వేరు. బాకీ తీర్చాల్సిందే, కాదనడం లేదు. కానీ మనల్ని ఖాళీ చేయించే అధికారం ఓనర్‌కి లేదు, ఓనర్ బామ్మర్దికి లేదు, పోలీసులకీ లేదు. అది కోర్టుకే ఉంది. కోర్టులో కేసు వేసి, గెలిచి, డిక్రీ (కోర్టు తీర్పు ఉత్తర్వు) తెచ్చుకుని, దాన్ని అమలు చేయించమని మళ్ళీ ఈపీ అనే పిటిషన్ వేస్తే, అప్పుడు కోర్టు ఉద్యోగి అమీనా వచ్చి ఖాళీ చేయిస్తాడు. "నా ఇల్లు, నా ఇష్టం" అనే మాటకి ఈ విషయంలో విలువ లేదు.

మా వీధిలో మూడో అంతస్తులో ఒక టైలరన్న కుటుంబం ఉంటుంది. పెళ్ళిళ్ళ సీజన్ పోయాక పని తగ్గింది, దాని మీద వాళ్ళమ్మ ఆసుపత్రి ఖర్చు వచ్చి పడింది, కిరాయి ఆగింది. ఒకరోజు అందరూ ఆసుపత్రిలో ఉండగా ఓనర్ వచ్చి వీళ్ళ తాళం పక్కనే తన తాళం ఒకటి వేసి పోయాడు. లోపల గ్యాస్ స్టవ్, కుట్టు మిషన్, జనాలు కుట్టడానికిచ్చిన బట్టలు, కూతురి టెన్త్ హాల్ టికెట్. ఆ పిల్ల మెట్ల మీద కూర్చుని "అంకుల్, ఎల్లుండి తెలుగు పేపర్" అంటూ ఏడుస్తోంది. అందరం కలిసి 100కి ఫోన్ చేశాం. వచ్చిన కానిస్టేబుల్ అంతా విని, "ఇది సివిల్ మ్యాటర్, మీరూ మీరూ మాట్లాడుకోండి" అన్నాడు.

ఈ "సివిల్ మ్యాటర్" మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. బాకీ సివిల్ మ్యాటరే. అయితే ఆ తాళం కూడా సివిల్ కోర్టుని అడిగాకే వెయ్యాలి కదా? ఓనర్ కోర్టు మొహం చూడకుండా తాళం వెయ్యొచ్చట, కిరాయిదారు మాత్రం దాన్ని తీయించుకోవడానికి కోర్టుకి పోవాలట!

సరే, పోవాల్సి వస్తే దానికీ దారుంది. 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఆరో సెక్షన్ చూడండి. చట్టప్రకారం కాకుండా మనల్ని ఇంట్లోంచి బయటికి నెట్టేస్తే, ఆరు నెలల్లోపు కేసు వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు. ఆ కేసులో ఇల్లు ఎవరి పేరున ఉందన్న ప్రశ్నే రాదు. అందులో మనం ఉంటున్నామా, మన ఒప్పుకోలు లేకుండా తీసేశారా, ఇంతే చూస్తారు. అందుకే గ్యాస్ బుక్, కరెంటు బిల్లు కట్టిన మెసేజ్, ఆ అడ్రస్‌తో వచ్చిన పార్సిల్ రసీదు, కిరాయి పంపిన ఫోన్‌పే స్క్రీన్‌షాట్, ఇవన్నీ దాచుకోవాలి. కిరాయి నగదుగా ఇస్తున్నవాళ్ళు ఈ నెల నుంచే మానేయండి. ఓనర్ "చేతికే ఇవ్వండి" అంటే అన్నాడు, సగమే ఉన్నా ఆ సగం అకౌంట్‌కే పంపండి. ఎగ్గొట్టే ఉద్దేశం లేదని రేపు చెప్పుకోవడానికి అదొక్కటే సాక్ష్యం.

టైలరన్న విషయంలో పనికొచ్చింది 15100. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ హెల్ప్‌లైన్ అది. ఎన్ని సినిమా డైలాగులైనా అప్పజెప్పే మనకి ఈ ఐదంకెలు తెలియవు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, ఎస్సీ, ఎస్టీలకి, వికలాంగులకి, కార్మికులకి, ఆదాయం తక్కువున్నవాళ్ళకి ప్రభుత్వమే ఉచితంగా లాయర్‌ని పెడుతుంది. ఆడవాళ్ళకైతే ఆదాయం ఎంతని కూడా అడగరు. అందుకే అర్జీ టైలరన్న భార్య, మా వదిన పేరు మీద పెట్టించాం. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఈ సంస్థ ఆఫీసు ఉంటుంది, సిటీ వాళ్ళకి పురానీ హవేలీలోని సివిల్ కోర్టు దగ్గర ఉంది. తెల్ల కాగితం మీద తెలుగులోనే రాసివ్వొచ్చు. ఆధార్, అగ్రిమెంట్ ఉంటే దాని జిరాక్స్, వాట్సాప్‌లో ఓనర్ పెట్టిన మెసేజ్‌ల ప్రింట్లు పట్టుకెళ్ళాం. కేసు పడకముందే ఇద్దర్నీ పిలిచి కూర్చోబెట్టారు. అక్కడినుంచి నోటీసు అందిన మర్నాడే ఓనర్ తన తాళం తానే తీసుకున్నాడు. బాకీని వాయిదాల్లో కట్టేలా లోక్ అదాలత్‌లో రాసుకున్నారు. దానికి కోర్టు ఫీజు లేదు, ఆ అవార్డు (అక్కడ రాసుకున్న రాజీ తీర్పు) మీద అప్పీలూ లేదు. హాల్ టికెట్ మాత్రం అంతకుముందే స్కూలు హెడ్మాస్టర్ ఇంకో కాపీ ప్రింట్ తీసిచ్చారు, ఆయన చల్లగా ఉండాలి.

ఇంకో మాట. కోర్టు నుంచి సమన్లు వస్తే "ఇంట్లో లేం" అని తలుపు వెనక దాక్కునేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి. దాక్కుంటే కేసు ఆగదు, మనం లేకుండానే నడిచి ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతుంది. సమన్లు తీసుకున్న 30 రోజుల్లో జవాబు వెయ్యాలి. కిరాయి కట్టలేదన్న కారణంతో లీజు రద్దయిందని ఓనర్ కేసు వేస్తే, విచారణలో బాకీ, వడ్డీ, ఖర్చులు కట్టేస్తామన్నవాళ్ళకి ఇంకో అవకాశం ఇచ్చే అధికారం ఆస్తి బదలాయింపు చట్టం 114వ సెక్షన్ కింద జడ్జికి ఉంది. ఇస్తారన్న గ్యారంటీ లేదు. పైగా పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోయి నెలనెలా నడుస్తున్న కిరాయి అయితే, ఓనర్ 15 రోజుల నోటీసు ఇచ్చి కేసు వెయ్యొచ్చు, అప్పుడు బాకీ కట్టినా ఇల్లు నిలవకపోవచ్చు. కానీ టైం దొరుకుతుంది. టైం అంటే పిల్లల పరీక్షలు అయ్యేదాకా ఉండటం, అడ్వాన్సు లెక్క తేల్చుకోవడం, పగటిపూట మర్యాదగా ఇల్లు మారడం.

లోన్ యాప్‌లో తీసి కిరాయి కడదామనుకునే తమ్ముళ్ళకి చేతులెత్తి దండం పెడుతున్నా. ఓనర్ మెట్ల దగ్గర నిలబడి అడుగుతాడు, ఆ యాప్ వాళ్ళు మీ ఫోన్‌లో ఉన్న ప్రతి నంబరుకీ చేసి అడుగుతారు. అంతకంటే ఓనర్ దగ్గరికెళ్ళి "అడ్వాన్సులో ఒక నెల పట్టుకోండి సార్, మిగతాది ఫలానా తారీఖుల్లో కడతా" అని అడిగి, ఆ మాటే వాట్సాప్‌లో రాసి పెట్టుకోవడం నయం. రెండు నెలల అడ్వాన్సు ఆయన దగ్గరే ఉండి, రెండు నెలల బాకీ ఉంటే, ఆ రోజుకి ఆయన జేబులోంచి పోయిందేమీ లేదు కదా! ఇంట్లో పెద్దవాళ్ళుంటే, వాళ్ళని ఇబ్బంది పెడుతుంటే పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ 14567 ఉంది. ఒంటరి ఆడవాళ్ళని బెదిరిస్తుంటే మహిళా హెల్ప్‌లైన్ 181 ఉంది.

ఓనర్లందరూ దుర్మార్గులని నేననను. మా సందు చివర ఒక ఆంటీ ఉన్నారు, భర్త పోయాక పైపోర్షన్ కిరాయే ఆవిడకి మందులు, బియ్యం. కిరాయిదారు కుర్రాడు బండి మీద తిరుగుతూ నెలల తరబడి ఇవ్వకపోతే ఆవిడేం కావాలి? ఆవిడకీ 15100యే చెప్పాను. ఆడమనిషి కాబట్టి ఆవిడకీ లాయర్ ఉచితమే.

ఇప్పుడు ప్రభుత్వాల సంగతి. కిరాయిదార్లకని మనకో ప్రత్యేక చట్టం ఉంది, 1960 నాటిది. అందులో కరెంటు, నీళ్ళు ఆపకూడదని ఉంది. కావాలని ఎగ్గొట్టలేదని ఆ చట్టం కింద కిరాయి కేసులు వినే రెంట్ కంట్రోలర్‌కి అనిపిస్తే, బాకీ కట్టడానికి 15 రోజుల దాకా గడువిచ్చి ఓనర్ పిటిషన్ కొట్టేయొచ్చని కూడా ఉంది. చదివితే కడుపు నిండుతుంది. కానీ 2005లో చేసిన సవరణతో కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల కిరాయి 3,500 దాటిన ఇళ్ళని ఆ చట్టం నుంచి తప్పించేశారు. 3,500కి ఈ ఊళ్ళో బైక్ పార్కింగ్‌తో ఒక సింగిల్ రూం చూపించండి, నేనే వచ్చి చేరతా! అంటే చట్టం పుస్తకంలో ఉంది, బస్తీలో బతికేవాడికి మాత్రం వర్తించదు. ఆంధ్రలో ఆ పాత చట్టం స్థానంలో 2017లో వేరే చట్టం చేశారు. కేంద్రం 2021లో కిరాయి ఇళ్ళ మీద ఒక మోడల్ (నమూనా) చట్టం తయారుచేసి రాష్ట్రాలకి పంపింది. అందులో ఇళ్ళకి అడ్వాన్సు రెండు నెలలు మించకూడదు, నీళ్ళు, కరెంటు ఆపితే రెంట్ అథారిటీ అనే అధికారి వెంటనే ఇప్పించొచ్చు. ఖాళీ చెయ్యాల్సిన గడువు దాటితే మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆపైన నాలుగు రెట్ల కిరాయి కట్టాలన్న క్లాజు కూడా అందులోనే ఉంది, అది నాకు నచ్చలేదు. అయినా నీళ్ళు బంద్ చేసిన రోజే పోయి అడగడానికి ఒక ఆఫీసంటూ ఉంటుంది.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ టైంలో మూడు నెలల కిరాయి అడగొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రకటించారు. తలుచుకుంటే చేయగలరని అప్పుడే తెలిసింది. ఆ 3,500 అంకెని మార్చడానికి కరోనా కూడా అక్కర్లేదు, అసెంబ్లీలో ఒక సవరణ బిల్లు చాలు. ఈసారి ఓట్లడగడానికి మా వీధికి వచ్చినవాళ్ళని నేను అడగబోయేది ఇదే.