ఆ మ్యూజియం మెసేజ్ ఇక నాకు పంపకండి

బరంపురం నుంచి రాయగడ దాకా ఏ తెలుగు గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. "ఒడిశాలో తెలుగువాళ్లం భాషా మైనారిటీ. అమెరికా మ్యూజియంలు మైనారిటీ విద్యార్థులకిచ్చే ఇంటర్న్‌షిప్‌లన్నిటికీ మనం అర్హులమే. మౌలానా ఆజాద్ ఫెలోషిప్ కూడా వస్తుంది. రూ.499 కట్టి ఆధార్ పంపితే సీటు గ్యారంటీ. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకీ ఇదే మేలు."

మౌలానా ఆజాద్ ఫెలోషిప్ మతాల మైనారిటీలకు పెట్టింది, భాషలకు కాదు. అదీ 2022-23 నుంచి ఆపేశారు. వదిలేయండి.

లాస్ ఏంజెలెస్‌లోని గెట్టీ కళా సంస్థ 1993లో మొదలుపెట్టిన ఇంటర్న్‌షిప్ ఆ కౌంటీలో ఉండేవాళ్లకీ, అక్కడి కాలేజీల్లో చదివేవాళ్లకీ. అమెరికా మ్యూజియం ఉద్యోగాల్లో నల్లజాతివాళ్లు, లాటినోలు వంటివారు తక్కువగా ఉన్నారని పెట్టిన పథకం అది. మన రాయగడ జిల్లా గుణుపురాన్ని ఆ కౌంటీలో ఎప్పుడు కలిపారో మాకెవరూ చెప్పలేదు.

ఇక రూ.499. ఇంటర్న్‌కి స్టైపెండ్ ఇచ్చే సంస్థ ముందు మన దగ్గరే వసూలు చేస్తుందా? అమెరికాలోని పెద్ద మ్యూజియంల సంస్థ స్మిత్సోనియన్ దరఖాస్తుకు ఫీజే లేదు. ఎంపిక జరగకముందే సీటు గ్యారంటీ అన్నవాడికి మీ అమ్మాయి ఆధార్ ఎందుకో, అది ఫార్వర్డ్ చేసిన మావయ్యగారే చెప్పాలి.

నాకు ఒళ్లు మండింది ఆ మెసేజ్‌లోని చివరి వాక్యానికి, ఎస్టీ సర్టిఫికెట్ గురించి అన్నదానికి. మన జిల్లాల్లో సవర, జాతాపు గిరిజన పిల్లలు డిగ్రీ దాటి పీజీ దాకా రావడమే ఎంత కష్టమో అందరికీ తెలుసు. ఎస్టీ పిల్లల పీహెచ్‌డీ కోసం కేంద్ర గిరిజన శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఈ మెసేజ్ నమ్మి ఒక్క పిల్ల ఆ గడువు దాటేసినా, ఫార్వర్డ్ నొక్కిన వేలికి కాస్త సిగ్గుండాలి. ఎస్టీ సర్టిఫికెట్ కన్నా వాట్సాప్ మైనారిటీ మేలట!

అయితే ఒకటి ఒప్పుకుంటాను. అమెరికా తలుపు పూర్తిగా మూసి లేదు. స్మిత్సోనియన్ ప్రధాన ఫెలోషిప్‌కు అమెరికా పౌరసత్వం అడగరు, మైనారిటీ కానక్కర్లేదు. పీజీ విద్యార్థికి 10 వారాలు, పీహెచ్‌డీ వాళ్లకి 3 నుంచి 12 నెలలు. కాకపోతే అక్కడి సేకరణలతోనో, పరిశోధకుల పనితోనో ముడిపడిన పరిశోధన అంశం కావాలి, అక్కడి పరిశోధకుల్లో ఒకరు గైడ్‌గా ఉండాలి. సవర గోడబొమ్మల మీద పని చేస్తున్న పిల్లలెవరైనా ఉంటే ముందు అక్కడి పరిశోధకులకు ఒక ఈమెయిల్ రాయమనండి. ఇంగ్లీషు సరిదిద్దాలంటే నేను చూస్తాను, 499 అక్కర్లేదు.