వేలు పట్టేస్తే లాగకండి!

పొద్దున్నించీ మన పర్లాకిమిడి వాట్సాప్ గ్రూపులన్నిట్లో ఒకటే వీడియో. ముడిస్తే పట్టేసే వేలికి ‘నరం తప్పింది’ అంటూ ఆవనూనె రాసి ‘టక్’మనేదాకా గుంజమంటున్నాడు. కింద మనవాళ్ళే దండాలు పెడుతున్నారు. చూస్తుంటే ఒళ్ళు మండిపోతోంది.

అది నరం తప్పడం కాదండీ! ట్రిగ్గర్ ఫింగర్. వేలిని ముడిచే తాడులాంటి స్నాయువు, వేలి మొదట్లో అరచేతి దగ్గర ఒక పట్టీ కిందనుంచి జారుతుంది. ఆ పట్టీ దళసరెక్కి, స్నాయువు ఉబ్బితే ఇరుక్కుంటుంది. అక్కడ రెండో చేత్తో నొక్కిపట్టి వేలు ముడిచి తెరవండి, బఠాణీ గింజంత గట్టి గడ్డ కదులుతూ తగులుతుంది. గుంజితే వాపు పెరుగుతుందే గానీ పట్టీ వదులవుతుందా?

కొత్తగా మొదలైతే స్ప్లింట్ (వేలు కదలకుండా కట్టే బద్ద) చాలు. వేలి మొదట్లో, అరచేతి దగ్గరున్న కీలు వంగకుండా, రాత్రిళ్ళు, 6 వారాలు. నాలుగు రోజులకే తీసి గూట్లో పడేసి ‘పనిచెయ్యలేదు’ అంటే ఎలా?

తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజక్షన్. సగానికి పైగా మందికి ఒక్కదాంతోనే సర్దుకుంటుంది. మందు స్నాయువులోకి కాదు, దాని చుట్టూ పోవాలి. మొదటి రెండ్రోజులు నొప్పి పెరగొచ్చు, గుణం కనబడ్డానికి రెండు మూడు వారాలు పట్టొచ్చు. షుగర్ ఉన్నవాళ్ళకి గుణం తక్కువ, పైగా కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. ఇంట్లో మిషన్ ఉంటే రోజూ చూసుకోవాలి. ఈ మాట సూది వేసేముందు చెప్పాలా వద్దా?

రెండు మూడు సూదులకీ లొంగకపోతే పట్టీ కొయ్యడమే. చేతికి మాత్రమే మత్తు, సెంటీమీటరున్నర లోపు గాటు, పావుగంట పని. బల్ల మీదే వేలు ముడిపించి చూస్తారు. గాటు పెట్టకుండా సూది మొనతోనే పట్టీని కోసే పద్ధతిలో కుట్లుండవు గానీ బొటనవేలికి, చూపుడువేలికి నరం మరీ దగ్గర, చెయ్యి తిరిగినవాళ్ళే చెయ్యాలి. కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థ్రైటిస్) ఉంటే ముందే చెప్పండి, వాళ్ళకి మామూలుగా పట్టీ కొయ్యరు.

అసలు నా కడుపుమంట ఇది. 1936లో మన పర్లాకిమిడి ఒడిశాలో కలిసింది. ఇన్నేళ్ళయినా ఆస్పత్రిలో చీటీ ఇంగ్లీషు, మాట ఒడియా. తెలుగు తప్ప రాని ముసలమ్మకి ఆపరేషన్ అయ్యాక ‘ఈ సాయంత్రం నుంచే వేలు కదుపమ్మా’ అని చెప్పే నాథుడు లేడు. ఆవిడ కుట్లు విప్పేదాకా, రెండు వారాలు, చెయ్యి గుడ్డలో చుట్టుకుని కూర్చుంటుంది. వేలు బిగుసుకుపోతుంది. ఊరంతా ‘ఆపరేషన్ చెడింది’ అంటారు.

ఒడియా వచ్చిన పిల్లలెవరైనా వెంట వెళ్ళండి. వేలు ఎప్పటినుంచి కదపాలి, రోజుకెన్నిసార్లు, కుట్లెప్పుడు విప్పుతారు అని అడిగి, ఆ చీటీ వెనకాలే తెలుగులో రాసి పెద్దావిడ చేతిలో పెట్టండి.