పూచీ ఇచ్చారు, పత్రం దాచారు

ఐరోపా సమాఖ్య నుంచి వైదొలగాలని బ్రిటన్ ఓటు వేసిన నాలుగు నెలలకు, 2016 అక్టోబరు 27న, ఆ దేశపు ఈశాన్య తీరంలోని సండర్‌లాండ్ నగరం తేలికగా ఊపిరి పీల్చుకుంది. కొత్త కష్కాయ్‌తో పాటు ఎక్స్-ట్రెయిల్ కార్లను కూడా అక్కడి కర్మాగారంలోనే తయారుచేస్తామని నిస్సాన్ సంస్థ ఆ రోజు ప్రకటించింది. ఆ ప్రకటనకు కొద్ది రోజుల ముందు నాటి వాణిజ్య మంత్రి గ్రెగ్ క్లార్క్ ఆ సంస్థకు ఒక లేఖ రాశారు. అందులో ఏముందో చెప్పాలని ప్రతిపక్షమూ పత్రికలూ ఎంత అడిగినా, వాణిజ్య గోప్యత పేరుతో ప్రభుత్వం రెండేళ్లకు పైగా దాన్ని బయటపెట్టలేదు. 2019 ఫిబ్రవరి 3న ఎక్స్-ట్రెయిల్‌ను సండర్‌లాండ్‌లో తయారుచేయడం లేదని నిస్సాన్ చెప్పిన మర్నాడు గానీ ఆ లేఖ వెలుగు చూడలేదు. ఎనిమిది కోట్ల పౌండ్ల వరకు సాయం చేస్తామన్న హామీ, బ్రెగ్జిట్ తర్వాత కూడా కార్ల పరిశ్రమ పోటీలో వెనకబడకుండా చూస్తామన్న మాట అందులో ఉన్నాయి. అప్పటికే 6.1 కోట్ల పౌండ్లు మంజూరయ్యాయి కూడా. ఒప్పుకున్న రెండు మోడళ్లలో ఒకటి చేజారింది కాబట్టి సాయం కోసం మళ్లీ దరఖాస్తు చేసుకోవాలని మంత్రి అప్పుడు పార్లమెంటుకు చెప్పవలసి వచ్చింది.

పరిశ్రమకు ప్రభుత్వం చేయూతనివ్వడాన్ని మేము తప్పు పట్టడం లేదు. నౌకా నిర్మాణం 1988లోనూ, చివరి బొగ్గు గని 1993లోనూ మూతపడిన నగరం సండర్‌లాండ్. అక్కడ 1986లో మార్గరెట్ థాచర్ చేతుల మీదుగా ప్రారంభమైన నిస్సాన్ కర్మాగారమే లేకపోతే వేల కుటుంబాలు ఏమయ్యేవో ఊహించడం కష్టం కాదు. ఆనాడు జపాన్ సంస్థలు బ్రిటన్‌ను ఎంచుకోవడానికి ప్రభుత్వ సాయం ఒక కారణమైతే, బ్రిటన్‌లో తయారైన కారు సుంకం లేకుండా ఐరోపా అంతటా అమ్ముడవుతుందన్న భరోసా అంతకన్నా పెద్ద కారణం. బ్రిటన్‌లో తయారయ్యే ప్రతి పది కార్లలో ఎనిమిది విదేశాలకే వెళతాయి. వాటిలో సగానికి పైగా కొనేది ఐరోపాయే. ఆ భరోసాను తన చేతులతో తానే సడలించుకున్న దేశం, పోయిన దానికి బదులుగా ఖజానా తెరవడం మొదలుపెట్టింది. మా అభ్యంతరం ఇక్కడే. మార్కెట్ ఇవ్వగలిగిన దాన్ని గ్రాంటు ఇవ్వలేదు, పైగా ఆ గ్రాంటును చీకట్లో ఇస్తే దానికి జవాబుదారీ కూడా ఉండదు.

గణాంకాలు ఈ సంగతి దాచడం లేదు. 2016లో బ్రిటన్ 17 లక్షలకు పైగా కార్లు తయారుచేసింది. 2022లో ఆ సంఖ్య 7.75 లక్షలకు పడిపోయింది; 1956 తర్వాత అంత తక్కువ ఎన్నడూ లేదు. మధ్యలో కాస్త కోలుకున్నా 2024లో మళ్లీ 7.8 లక్షల దగ్గరే ఆగింది. బ్రిడ్జెండ్‌లో ఫోర్డ్ ఇంజిన్ల కర్మాగారం 2020లో, స్విండన్‌లో 3,500 మంది పనిచేసిన హోండా కర్మాగారం 2021లో మూతపడ్డాయి. ఈ పతనమంతా బ్రెగ్జిట్ ఖాతాలో వేయడం న్యాయం కాదు. డీజిల్ కార్లకు గిరాకీ తగ్గడం, కరోనా, చిప్‌ల కొరత, విద్యుత్ వాహనాలవైపు మళ్లింపు అన్నీ కలిశాయి. తమ నిర్ణయానికి బ్రెగ్జిట్ కారణం కాదనే హోండా చెప్పింది. అయితే ఏ దేశంలో కొత్త యంత్రాలు దించాలా అని సంస్థలు లెక్కలు వేసుకుంటున్న సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే, రేపటి సుంకమెంతో చెప్పలేని దేశంగా బ్రిటన్ మిగిలింది. ఐరోపా సమాఖ్య, జపాన్ మధ్య ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2019 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చి జపాన్ కార్లపై పది శాతం సుంకాన్ని దశలవారీగా తొలగించడం మొదలుపెట్టిందని, అంటే కార్లను జపాన్ నుంచే పంపి ఐరోపాలో అమ్ముకోవడం ఆ దేశపు సంస్థలకు తేలికవుతోందని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

బ్రిటన్, ఐరోపా సమాఖ్య మధ్య 2020 డిసెంబరు 24న కుదిరిన వాణిజ్య ఒప్పందం సుంకాల భయాన్ని చాలావరకు తీర్చింది గానీ, కారు విలువలో నిర్ణీత వాటా బ్రిటన్‌లోనో ఐరోపాలోనో పుట్టి ఉండాలన్న షరతు పెట్టింది. విద్యుత్ కారులో అత్యంత ఖరీదైన భాగం బ్యాటరీ. అది ఆసియా నుంచి వస్తే ఈ షరతు నెరవేరడం కష్టం, నెరవేరకపోతే పది శాతం సుంకం తప్పదు. 2024 నుంచే బిగియవలసిన ఈ నిబంధనను రెండు పక్షాలూ చివరి నిమిషంలో 2026 ఆఖరు దాకా వాయిదా వేశాయి. అందుకే ఇప్పుడు బ్రిటన్‌లో ప్రభుత్వ సాయమంతా బ్యాటరీ చుట్టూ తిరుగుతోంది. సోమర్‌సెట్‌లో 400 కోట్ల పౌండ్లతో బ్యాటరీ కర్మాగారం నెలకొల్పుతామని జాగ్వార్ ల్యాండ్ రోవర్ యజమాని అయిన మన టాటా గ్రూపు 2023 జులైలో ప్రకటించింది. దానికి ప్రభుత్వం ఇచ్చే సాయం 50 కోట్ల పౌండ్ల మేర ఉంటుందని వార్తలు వచ్చినా, ప్రకటన నాడు మంత్రులు ఆ అంకె చెప్పలేదు. ఏడేళ్లు గడిచినా పాత అలవాటు పోలేదని మేము బాధతో అంటున్నాం.

షరతు పెట్టిన చోట ప్రజాధనం ఎలా నిలిచిందో చెప్పే ఉదాహరణ కూడా అదే దేశంలో ఉంది. బ్లైత్‌లో బ్యాటరీ కర్మాగారం కడతానన్న బ్రిటిష్‌వోల్ట్ సంస్థకు పది కోట్ల పౌండ్లు ఇస్తామని ప్రభుత్వం మాట ఇచ్చింది. పనులు ఫలానా దశకు చేరాకే సొమ్ము అన్న నియమం ఉండటంతో, 2023 జనవరిలో ఆ సంస్థ కుప్పకూలేనాటికి అందులో ఒక్క పౌండు కూడా విడుదల కాలేదు. ఊరి ఆశలు కూలాయి, నిజమే. ఖజానా మాత్రం కూలలేదు.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద కియా కర్మాగారానికి 2017లో ఒప్పందం కుదిరినప్పుడు భూమి, గొల్లపల్లి జలాశయం నీరు, పన్ను రాయితీలు ఇచ్చింది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. కరవు సీమలో కార్ల పరిశ్రమ నిలదొక్కుకోవడం మాకు సంతోషకరం, ఆ సాయం అవసరమేనని కూడా మేము భావిస్తాం. భారత్, బ్రిటన్ 2025 జులై 24న సంతకం చేసిన వాణిజ్య ఒప్పందం ప్రకారం బ్రిటిష్ కార్లపై మన దిగుమతి సుంకం పరిమిత సంఖ్య మేరకు క్రమంగా పది శాతానికి దిగుతుంది. పోటీ పెరిగే కొద్దీ రాయితీల కోసం ఒత్తిడి కూడా పెరుగుతుంది. ఏ సంస్థకు ఎంత ఇస్తున్నదీ, ఎన్ని ఉద్యోగాలకు ఎన్నేళ్ల హామీ తీసుకున్నదీ, మాట తప్పితే ఎంత వెనక్కి రాబట్టేదీ ఒప్పందం జరిగిన రోజే శాసనసభ ముందుంచాలని రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ మేము కోరుతున్నాం. బ్రిటన్ పార్లమెంటు కూడా సోమర్‌సెట్ విషయంలో ఇవే మూడు వివరాలను, 2026 గడువు ముగియకముందే, తన ప్రభుత్వం నుంచి రాబట్టాలి.