అర్జీలో అడిగింది ఎక్కడుంది?

‘వర్షాలు అధికంగా కురిసినందున, మురుగు కాల్వలో పూడిక మరియు గుర్రపుడెక్క పేరుకుపోయి నీరు లాగక, మా చేలు ముంపునకు గురై నాట్లు కుళ్లిపోయి తీవ్ర నష్టం వాటిల్లినందున, ఎన్నోసార్లు విన్నవించుకున్నప్పటికీ పట్టించుకోబడనందున, తమరు దయతలచి తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థిస్తున్నాము.’

ఈ వాక్యం నేను కట్టిందే. సోమవారం భీమవరంలోనో అమలాపురంలోనో కలెక్టరేట్‌కి వచ్చే అర్జీలు చూసినవాళ్లకు మాత్రం ఇదేమీ కొత్తగా అనిపించదు. ఇందులో అబద్ధం లేదు. రైతు నిజంగానే మునిగాడు. కానీ ఏం కావాలంటున్నాడు?

తెలుగులో క్రియ చివరికి వస్తుంది. జాగ్రత్తపడకపోతే దాంతోపాటు అసలు కోరిక కూడా చివరికి జారిపోతుంది. ఇక్కడ ఆఖర్న మిగిలింది ‘తగు చర్యలు’. ఏ చర్యలు? అర్జీని కంప్యూటర్లో ఎక్కించేవాళ్లు ముందుగా తేల్చుకోవాల్సింది అది ఏ శాఖకు పోవాలన్నది. గోదావరి డెల్టాలో పంట కాల్వలు చూసే ఇంజినీర్లు వేరు, మురుగు కాల్వలు చూసే డ్రైనేజీ విభాగం వేరు. పంట నష్టం అంటే వ్యవసాయ శాఖ. పై వాక్యం పట్టుకుని దేనికైనా పంపొచ్చు. తప్పు శాఖకు పోయిన అర్జీ ‘మా పరిధిలోనిది కాదు’ అన్న ముద్రతో తిరిగొచ్చేసరికి రెండో పంట దాళ్వా దగ్గర పడుతుంది.

అదే గోడు ఇలా రాశారనుకుందాం: ‘మా ఊరి మురుగు కాల్వలో పూడిక తీయించండి. వంతెన దగ్గర్నుంచి యనమదుర్రు డ్రెయిన్లో కలిసే చోటి దాకా గుర్రపుడెక్క కమ్మేసింది. వాన వెలిసి ఐదు రోజులైనా చేలో మోకాలి లోతు నీళ్లున్నాయి. నాట్లు కుళ్లిపోయాయి. ఈ పని వేసవిలోనే డ్రైనేజీ విభాగం చేయించాలి. చేయించలేదు.’

కోరిక ముందుకొచ్చింది, చోటు తెలిసింది. ‘తీవ్ర నష్టం’ అనే చోట మోకాలి లోతు, ఐదు రోజులు వచ్చి కూర్చున్నాయి. చివరి ఒంటి మాట వాక్యానికి అంత బరువు రావడానికి కారణం, దాని ముందున్నవి కాస్త పొడుగ్గా ఉండటమే. అన్నీ అలా తెంపేస్తే పాతకాలం టెలిగ్రాంలా ఉంటుంది, ఎవరికీ చదవబుద్ధి కాదు.

పొడుగు వాక్యం మీద నాకేం కోపం లేదు. ‘లస్కరు పొద్దున్నే గట్టెక్కి, షట్టరు ఎత్తి, శివారు చేలకు నీళ్లొదిలి, ఇంటికెళ్లి పడుకున్నాడు’ అంటే ఎవరూ తడబడరు. పనులు నాలుగైనా చేసినవాడు ఒక్కడే. మొదటి అర్జీలో వాన కురిసింది, పూడిక పేరుకుంది, నీరు లాగలేదు, చేలు మునిగాయి, నాట్లు కుళ్లాయి, చివరికి ‘మేము’ ప్రార్థించాం. గొలుసు ఒకటే, కర్తలు ఆరు. చదివేవాడు మధ్యలో ఎక్కడో వదిలేస్తాడు.

ఇక ‘పట్టించుకోబడనందున’. కాల్వ గట్టు మీద ఈ మాట ఎవరైనా అనగా విన్నారా? ‘ఎవరూ పట్టించుకోలేదండి’ అంటారు. కాగితం చేతిలోకి రాగానే ఆఫీసు భాష పూనుతుంది. తప్పు చేసినవాడి పేరు దాచుకోవడానికి ఆఫీసుకు ఆ భాష అవసరం. నష్టపోయినవాడికి దాంతో ఏం పని? ఇక్కడ మర్యాద మాటెత్తుతారు. మన గోదావరి జిల్లాల్లో ‘అండి’ లేనిదే మాట ముగియదు, అది ఉండాల్సిందే. అడ్డొచ్చేది ‘తమరు దయతలచి’. నీటితీరువా కట్టే రైతు దయ అడుగుతున్నట్టు రాస్తే, అవతలివాళ్లు కూడా దాన్ని దయగానే లెక్కేస్తారు.

ఒప్పించడానికి తెలుగులో ఓ గట్టి కట్టు ఉంది. ‘పూడిక వల్ల మా చేలు మునిగాయి’ అంటే సమాచారం. ‘మా చేలు ముంచింది వాన కాదు, పూడిక’ అంటే తీర్పు. ‘ప్రకృతి వైపరీత్యం, ఏం చేస్తాం’ అని అధికారి అనబోయే మాటకు ముందే అడ్డుకట్ట పడింది. అయితే దీని వెనకాల రుజువు నిలబడాలి: అదే వానకు, పూడిక తీసిన పక్క కాల్వ వెంబడి చేలు మునగలేదు అని. కాగితానికి ఒక్కసారే వాడాలి. వాక్యవాక్యానికీ వాడితే టీవీ డిబేట్ అయిపోతుంది.

డెల్టాలో కాటన్ దొర విగ్రహాలకు కొదవ లేదు. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని పిల్లలు కూడా చెబుతారు. దానికి ముందు పైవాళ్లను ఒప్పించడానికి ఆయన రాసిన నివేదికల ఊసు మాత్రం తక్కువ. 1833 ప్రాంతంలో వచ్చిన కరువు జనం మనసుల్లో ఇంకా పచ్చిగానే ఉంది. అయినా ఈస్టిండియా కంపెనీ కరిగేది కన్నీళ్లకు కాదు. ఖర్చెంత, దానివల్ల శిస్తు రాబడి ఎంత పెరుగుతుందన్న లెక్క చూపించాడు. సంతకం పెట్టేవాడికి కావలసిన వాక్యం అది.

2011లో కోనసీమ రైతులు లెక్కలతో కూడా సరిపెట్టలేదు. ‘ఈ సార్వా వేయం’ అన్నారు, తొలి పంటకే వేల ఎకరాలు బీడు పెట్టారు. గిట్టుబాటు ధర, కూలి ఖర్చు, మురుగు కాల్వలు, ఇవన్నీ పాత అర్జీల్లో ఉన్న సంగతులే. వాటిని చూడటానికి ప్రభుత్వం వేసిన మోహన్ కందా కమిటీ వచ్చింది మాత్రం అప్పుడే. చిన్న వాక్యం గొప్పతనమే ఇదంతా అని నేననను. దాని వెనక చేత ఉంది, నష్టానికి సిద్ధపడ్డ మనుషులున్నారు. కానీ ఆ వాక్యంలో ఎవరు, ఏమిటి, ఎప్పుడు అన్నవి వెతుక్కోనక్కర్లేదు.

‘ఎంత బాగా రాసినా డబ్బుల్లేకపోతే కాల్వ తవ్వుతారా?’ అని అడిగేవాళ్లున్నారు. తవ్వరు. ‘నిధులు మంజూరు కాలేదు’ అని జవాబొస్తుంది. చూడండి, అందులోనూ కర్త లేడు. అడిగారా, అడిగితే ఆపిందెవరు, ఫైలు ఎవరి టేబుల్ మీద ఉంది? రెండో అర్జీ ఈ మూడు ప్రశ్నలతోనే మొదలుపెట్టొచ్చు.