కార్డు ఇప్పుడివ్వండి, తీర్పు జూలైలో చెబుదాం

2025 ఏప్రిల్ 27న ఐర్లాండ్‌లో, కార్క్ నగరంలోని పార్క్ ఈ కీవ్ మైదానంలో కార్క్, టిప్పరరీ జిల్లాల మధ్య హర్లింగ్ మ్యాచ్. ఆట మొదలుపెట్టడానికి రెఫరీ ఇంకా బంతి విసరనేలేదు. టిప్పరరీ ఫార్వర్డ్ డారా మెకార్తీకి రెడ్ కార్డు చూపించేశాడు. పక్కన నిలబడ్డ కార్క్ డిఫెండర్ మీద కర్ర ఝళిపించాడన్నది అభియోగం. కుర్రాడి వయసు 19. ఆట 70 నిమిషాలైతే అతను ఆడింది సున్నా. మిగిలిన పద్నాలుగు మందితో టిప్పరరీ 15 పాయింట్ల తేడాతో చిత్తయింది.

కోర్టు భాషలో చెప్పాలంటే ఇంత శుభ్రమైన కేసు ఇంకోటి దొరకదు. నేరం, సాక్ష్యం, శిక్ష, పర్యవసానం అన్నీ వరసగా ఉన్నాయి. అయినా మూడు నెలలు గడిచేసరికి ఈ కేసులో ముద్దాయి మారాడు, ఫిర్యాదీ మారాడు, చివరికి నేరం కూడా మారింది. ఇది అభిమానుల న్యాయశాస్త్రం సాధించిన ఘనవిజయం కనుక, దాన్ని తగిన గౌరవంతో పరిశీలించాలి.

హర్లింగ్ చూడనివారికి రెండు ముక్కలు. జట్టుకి పదిహేను మంది. ప్రతివాడి చేతిలోనూ కర్ర ఒకటి ఉంటుంది, సంప్రదాయం ప్రకారం యాష్ చెట్టు నుంచి చెక్కింది. స్లిటర్ అనే తోలు బంతి గంటకి 150 కిలోమీటర్ల వేగం అందుకోగలదు. బంతి గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర పైనుంచి పోతే ఒక పాయింటు, కింద వలలో పడితే గోల్, అంటే మూడు పాయింట్లు. ఈ ఆటను నడిపే గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 1884లో పుట్టింది. ఆటగాళ్లందరూ ముఖానికి జాలీ ఉన్న హెల్మెట్ పెట్టుకుని తీరాలన్న నియమం 2010లో వచ్చింది. మధ్యలో సుమారు 125 ఏళ్లు ఐరిష్ పుర్రెల మీద నమ్మకంతోనే బండి నడిచింది. ఇలాంటి ఆటలో సత్ప్రవర్తన అంటే ఏమిటో తేల్చడం మామూలు లాయర్ల వల్ల అయ్యే పని కాదు.

అసోసియేషన్‌కి దాని ఏర్పాట్లు దానికున్నాయి. ఒక కమిటీ శిక్ష ప్రతిపాదిస్తుంది, ఇంకో కమిటీ వాదనలు వింటుంది, మూడోది అప్పీలు చూస్తుంది, అప్పటికీ తృప్తి లేకపోతే వివాదాల పరిష్కారానికి మరో సంస్థ ఉంది. అభిమానులు ఇంత కాలయాపన భరించలేరు. వాళ్ల బెంచి పబ్బులో కూర్చుంటుంది, మొదటి గ్లాసు పూర్తయ్యేలోపు తీర్పు వచ్చేస్తుంది. రెండో గ్లాసుకి అదే బెంచి తన తీర్పును తానే కొట్టేయడం కూడా పరిపాటి.

ఏప్రిల్‌లో కార్క్ బెంచి ధర్మాసనం మీద నిటారుగా కూర్చుంది. రూలంటే రూలే, కర్ర ఆయుధం కాదు, పసిపిల్లలు చూస్తున్నారు. టిప్పరరీ బెంచి మాత్రం రెండుగా చీలింది. ఆట మొదలే కాలేదు కాబట్టి తప్పు కూడా మొదలు కానట్టేనని ఒక వాదం. ఈ కుర్రాడు నీలం, పసుపు జెర్సీ పరువు తీశాడు, మళ్లీ వేసుకోనివ్వకూడదని మరో వాదం. ఈ రెండూ ఒకే నోటి నుంచి వచ్చిన సందర్భాలూ ఉంటాయి. మనవాడి చేతిలో కర్రకి సొంత బుద్ధి ఉంటుందని, అవతలివాడి కర్రకి మాత్రం యజమాని ఉంటాడని రెండు బెంచీలూ ఏకగ్రీవంగా ఒప్పుకుంటాయి.

జూలై 6న ఆల్ ఐర్లాండ్ చాంపియన్‌షిప్‌లో కిల్కెన్నీ జిల్లాతో టిప్పరరీ సెమీఫైనల్. మెకార్తీకి రెండో యెల్లో, మళ్లీ బయటికి. ఈసారి టిప్పరరీ రెండు పాయింట్లతో గెలిచింది. గెలిచిన జట్టులో రెడ్ కార్డు బరువు సగానికి సగం తగ్గుతుందన్నది భౌతికశాస్త్రం ఇంకా పట్టుకోని విషయం. పైగా రెండు యెల్లోలతో వచ్చిన రెడ్‌కి తర్వాతి మ్యాచ్ నిషేధం లేదు కాబట్టి ఫైనల్‌కి అడ్డు లేకపోయింది.

జూలై 20, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్. ఫైనల్లో ఎదురుగా మళ్లీ కార్క్. సగం ఆటకి కార్క్ ఆరు పాయింట్లు ముందుంది. రెండో సగంలో వాళ్లు కొట్టినవి మొత్తం రెండంటే రెండు పాయింట్లు. టిప్పరరీ 3-27 (అంటే మూడు గోల్స్, 27 పాయింట్లు), కార్క్ 1-18. తేడా మళ్లీ అదే 15, కాకపోతే ఈసారి అటునుంచి ఇటు. మెకార్తీ ఒక్కడే 1-13 కొట్టాడు. ఆ గోల్ పెనాల్టీ. ఆ పెనాల్టీ ఇప్పించిన కార్క్ డిఫెండర్ రెండో యెల్లోతో బయటికెళ్లాడు. ఏప్రిల్‌లో రూలంటే రూలే అన్న బెంచికి ఆ క్షణంలో రూలులోని లోతుపాతులు, రెఫరీకి ఉండాల్సిన విచక్షణ, ఆటను సాగనివ్వాల్సిన ఆవశ్యకత ఒక్కసారిగా గుర్తొచ్చాయి.

టిప్పరరీలో ఆ సాయంత్రమే మెకార్తీ జాతకం తిరగరాశారు. ఏప్రిల్ నాటి తలతిక్క జూలై నాటికి రగిలే నిప్పయింది. ఆ రెడ్ కార్డే వాణ్ణి మనిషిని చేసిందని, అది తాము ముందే చెప్పామని అన్నారు. ముందు ఏం చెప్పారో రికార్డుల్లో లేదు, అప్పీలుకి వీల్లేదు.

నిజమైన కష్టం కార్క్‌ది. 2024 ఫైనల్లో క్లేర్ జిల్లా చేతిలో అదనపు సమయం తర్వాత ఒకే ఒక్క పాయింటుతో ఓడారు. ఆఖరి క్షణాల్లో కార్క్ ఆటగాడు రాబీ ఓఫ్లిన్ బంతి కొడుతుంటే వెనకనుంచి జెర్సీ పట్టుకు లాగారు, రెఫరీ ఫ్రీ హిట్ ఇవ్వలేదు. దాంతో ఏడాది పొడవునా పని దొరికింది. గుడ్డ ఎన్ని అంగుళాలు సాగిందో ఫొటో పెద్దది చేసి చూడని ఇల్లు లేదు. ఒక్క పాయింటుతో ఓడితే నింద మోయడానికి రెఫరీ ఉంటాడు. పదిహేనుతో ఓడితే ఎవరూ ఉండరు, మనవాళ్లే మిగులుతారు. 2005 తర్వాత కప్పు లేని జిల్లాకి ఇంతకంటే క్రూరమైన శిక్ష ఏ కమిటీ వేయగలదు?

అప్పుడు ప్రవర్తన పక్కకిపోయి ఆట మీద విచారణ మొదలైంది. కసి లేదు, ఆకలి లేదు, డ్రెస్సింగ్ రూమ్‌లో టెన్షన్ పడ్డారు. ఈ ఆటగాళ్లలో టీచర్లు, రైతులు, స్టూడెంట్లు ఉంటారు. ఆడినందుకు ఒక్కరికీ జీతం లేదు. జీతం తీసుకోనివాణ్ణి ఉద్యోగంలోంచి పీకేయమని డిమాండ్ చేయడం శ్రామిక చట్టంలో అరుదైన ఘట్టం. క్రికెట్ చూసి పెరిగి ఇప్పుడు డబ్లిన్‌లో, కార్క్‌లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకి ఈ విద్యలో ట్రైనింగ్ అక్కర్లేదు. కర్ర ఆకారం అలవాటైతే చాలు.

అన్నీ ఆలోచించి ఒక సంస్కరణ ప్రతిపాదిస్తున్నాను. రెఫరీ మైదానంలో ఇచ్చే ప్రతి కార్డునీ తాత్కాలికంగా పరిగణించాలి. జూలైలో ఫైనల్ అయ్యాక, కప్పు ఎవరింటికి వెళ్లిందో చూసి, అప్పుడు అది నేరమో, ఆవేశమో, యువరక్తమో ఖరారు చేయాలి. టిప్పరరీ దీనికి వెంటనే ఒప్పుకుంటుంది, 2025 వరకు మాత్రమే వర్తించాలన్న షరతుతో. కార్క్ కూడా ఒప్పుకుంటుంది, 2024 నుంచి వర్తింపజేస్తే. చిక్కల్లా క్లేర్‌తోనే. జెర్సీ లాగలేదని వాళ్లెవరూ అనరు, అంత వదులు సైజు వేసుకొచ్చినవాడికి యెల్లో ఎందుకివ్వలేదని అడుగుతారు.