కూలీకి నంబర్ ప్లేటు కట్టండి

తారురోడ్ల కాంట్రాక్టర్ల మీద ఈ మధ్య నానా మాటలూ వినబడుతున్నాయి. వాళ్లకు కూలీల ప్రాణాలంటే లెక్కలేదట, బీమా చేయించరట. శుద్ధ అబద్ధం. తిరుపతిలో నాకు తెలిసిన ఒక పెద్దమనిషి టిప్పర్లకు బీమా ఉంది, తారు పరిచే పేవర్‌ యంత్రానికి ఉంది, ఆయన తిరిగే కారుకు బంపర్ టు బంపర్ ఉంది. కూలీలకూ ఉంది. డబ్ల్యూసీ పాలసీ, అంటే కూలీల నష్టపరిహార బీమా, ఫైల్లో భద్రంగా ఉంది, పదిమందికి ప్రీమియం కట్టారు. రోడ్డు మీద నలభై మంది కనిపిస్తే అది చూసేవాళ్ల కళ్ల దోషం.

బ్రహ్మోత్సవాలు దగ్గర పడితే మన ఊరి రోడ్లు రాత్రికి రాత్రి నల్లబడతాయి కదా. అలాంటి ఒక రాత్రి కరకంబాడి రోడ్డులో పని చూస్తూ నిలబడ్డాను. టిప్పర్ తొట్టి లేచింది, తారు కలిపిన కంకర మిక్స్ పేవర్లోకి జారింది, పొగ కమ్మింది. ఆ మిక్స్ వేడి దాదాపు 150 డిగ్రీలు. చల్లారితే రోలర్ కింద అణగదు, అందుకే అందరూ పరుగుల మీదున్నారు. అంచులు సర్దే కుర్రాడి కాళ్లకు మోకాళ్ల దాకా గోనెపట్టలు, వాటి మీద తాడు, కింద హవాయి చెప్పులు. ఒక చెప్పుకు తారూ కంకరా అంటుకుని రెండంగుళాలు ఎత్తు పెరగడంతో కుంటుతున్నాడు.

"బూట్లు లేవా అబ్బాయ్?"

"ఉండాయి సార్. ఇంజనీరు సారు వచ్చే దినం ఇస్తారు. ఫొటో అయినాక మేస్త్రి ఎంచి గోతాంలో ఏసుకుంటాడు."

"మరి హెల్మెట్లు?"

"వాటికీ అదే గోతాం సార్."

ఇంత పొదుపు ఇంకే శాఖలో ఉంది చెప్పండి!

ఇబ్బందంతా చట్టంతోనే వచ్చింది. తెల్లదొరలు 1923లో చేసిపోయిన నష్టపరిహార చట్టం లెక్క ఇది: ముప్పై ఏళ్ల మనిషి పనిలో చనిపోతే అతని నెల వేతనంలో సగాన్ని ఆ వయసుకు చట్టం పెట్టిన 207.98తో హెచ్చవేయాలి. 2020 నుంచి ఈ లెక్కకు వేతనం 15,000 దాకా చూస్తారు. అంటే 15,59,850 రూపాయలు. నెలలోగా ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే పరిహారంలో సగం దాకా జరిమానా, అది బీమా కంపెనీ కట్టదు, సొంత జేబులోంచి తియ్యాలి. తాగున్నాడు, హెల్మెట్ పెట్టుకోమంటే పెట్టుకోలేదు అన్న సాకులు చావు దగ్గర చెల్లవు. సబ్ కాంట్రాక్టర్ మనిషి అని తప్పుకుందామన్నా అసలు కాంట్రాక్టర్ మెడకే చుట్టుకుంటుంది. ఇప్పుడిదంతా సామాజిక భద్రతా స్మృతి అనే కొత్త చట్టంలో కలిసింది. ఇంటి నుంచి పనికి వెళ్లే దారిలో జరిగే ప్రమాదాలనూ అందులో చేర్చారు. అదృష్టం కొద్దీ మనవాళ్లు పడుకునేదే రోడ్డు పక్కన డేరాల్లో కాబట్టి, ఆ ఖర్చు తప్పింది.

ఇన్ని దారులు మూసేశాక పాపం ఆ పెద్దమనిషికి మిగిలింది మస్టర్, అంటే కూలీల హాజరు పట్టీ, ఒక్కటే. అందులో పేరు లేనివాడు పనివాడే కాదు. ప్రమాదం జరిగిన అరగంటకల్లా మేస్త్రికి కూడా అతనెవరో గుర్తుండదు. "ఎవరో దారిన పోయేటోడు సార్, టిప్పర్ రివర్స్ అవతా ఉంటే అడ్డమొచ్చినాడు" అంటాడు. ఇక బయటివాళ్లకు పరిహారమిచ్చే టిప్పర్ థర్డ్ పార్టీ బీమా ఉండనే ఉంది. దారిన పోయేవాడి చేతిలో పార, కాళ్లకు గోనెపట్టలు ఎందుకున్నాయని అడగడం మర్యాద కాదు.

ఇంకో తమాషా ఉంది. నిర్మాణ కార్మికుల సంక్షేమానికని సర్కారు పనుల బిల్లుల్లో 1 శాతం సెస్ కోస్తారు. ఆ సంక్షేమం అందాలంటే కూలీ ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించి సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవాలి. మస్టర్‌లో లేనివాడు ఆ 90 రోజులూ ఏం చేసినట్టు? మండుటెండలో, రేణిగుంట దారిలో, తారు పొగ పీలుస్తూ షికారు చేసినట్టు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఒక్కటే. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం బీమా లేని బండి రోడ్డెక్కకూడదు. కనుక కూలీలను వాహనాల కింద రిజిస్టర్ చేయించండి. వీపున నంబర్ ప్లేటు కట్టండి, ఫిట్‌నెస్ పరీక్ష పెట్టండి. అరిగిన టైర్లకు ఫిట్‌నెస్ రాదు గనక బూట్లు గోతాం దిగి వస్తాయి. రాత్రిపూట రిఫ్లెక్టర్లు కూడా తప్పనిసరి అవుతాయి.

ఈ ఆలోచన ఆ పెద్దమనిషికి చెప్పాను. ఆయన గడ్డం గోక్కుని, "బాగానే ఉంది స్వామీ. ఒకే ప్లేటు ముగ్గురికి మార్చి మార్చి తగిలిస్తే ఆర్టీవోలు కనుక్కుంటారంటావా?" అన్నాడు.